వేగం పెంచే ముందు వేడి చూడాలి

పిల్లలు కంప్యూటర్ ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాకింగ్ చేస్తామంటే "పాడైపోతుంది, ముట్టుకోకు" అనేస్తాం. నేనైతే చేయనివ్వండి అంటాను.

కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువగా ప్రాసెసర్‌ని నడిపించడమే ఓవర్‌క్లాకింగ్. 1998లో వచ్చిన ఇంటెల్ సెలెరాన్ 300ఏ అసలు వేగం 300 మెగాహెర్ట్జ్. బస్ వేగాన్ని 66 నుంచి 100కి మార్చి చాలామంది దాన్ని 450 దాకా తీసుకెళ్లారు. చవక చిప్పు ఖరీదైన చిప్పులా పనిచేసింది.

కానీ వేగం ఊరికే రాదు. వోల్టేజీ 10 శాతం పెంచితే వేడి 20 శాతం పైనే పెరుగుతుంది. వారంటీ కూడా పోవచ్చు. అందుకే తెలిసినవాళ్లు ఒక్కో మెట్టే ఎక్కిస్తారు. గంటల తరబడి పరీక్షిస్తారు. మెషీన్ ఆగిపోతే ఒక మెట్టు దిగుతారు. చలికాలంలో కుదిరిన వేగం మన మే నెల ఎండల్లో కుదరకపోవచ్చు. ఒకే రకం చిప్పులు రెండు తెచ్చినా రెండూ ఒకే వేగం అందుకోవు.

ఈ ఓపిక పిల్లల దగ్గర చూపిస్తున్నామా? మా వర్గల్ సరస్వతమ్మ గుట్ట మీద అక్షరాభ్యాసం చేయించి దిగిన నాటి నుంచే వాళ్ల వేగం పెంచడం మొదలుపెడతాం. పక్కింటి పిల్లకొచ్చిన ర్యాంకు మన పిల్లకీ రావాలి. నిద్ర తగ్గినా, అన్నం సయించకపోయినా, మాటలు తగ్గినా అదే వేడి అని గుర్తించం. ఇంకో ట్యూషన్ పెడతాం.

చిప్పు మరీ వేడెక్కితే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పిల్లలకు ఆ వీలు మనమే ఇవ్వాలి. ఒక మెట్టు దిగడం ఓటమి కాదని ఆ హాబీలో వాళ్లు నేర్చుకుంటే పెట్టిన ఖర్చు దండగ కాదు. మనమూ పక్కన కూర్చుని చూస్తే ఇంకా మంచిది.