భయానకరసము - క్రీడకుని భయము

సూరతు నగర దక్షిణభాగముననున్న ఉధ్నాయు, దాని పొరుగుననున్న లింబాయతును మరమగ్గముల పేటలు. తెలంగాణమునుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు కొన్ని తరములుగా ఆ ప్రాంతమున నివసించుచున్నవి. అచటివారికి భయము క్రొత్తది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త పుట్టగానే లక్షల జనము సూరతును విడిచి, దొరకిన బండి యెక్కి పారిపోయిరి. అది లౌకికభయము. దాని పర్యవసానము పలాయనమే. అందు ఆస్వాదనకు తావు లేదు.

నాట్యమందలి భయము వేఱు. భరతుడు నాట్యశాస్త్రము ఆఱవ అధ్యాయమున భయానకమునకు నలుపును వర్ణముగను, కాలుని అధిదేవతగను నిర్ణయించి, వికృతధ్వనులు, శూన్యగృహము, అరణ్యము మున్నగువానిని విభావములుగా పేర్కొనెను. దానిని వివరించుచు అభినవగుప్తుడు శాకుంతల ప్రథమాంకమునందు పరుగిడు లేడిని ఉదాహరించెను. 'నేను భయపడుచున్నాను' అనిగాని, 'వీడు భయపడుచున్నాడు' అనిగాని తోచక, దేశకాలములకు లోబడక ప్రతీతమగు భయమే ఆస్వాద్యమని యాతని మతము. చలనచిత్రమునకు ఈ సిద్ధాంతము సరిపోవును. 1992 నాటి 'రాత్రి', 2009 నాటి 'అరుంధతి', 2022 నాటి 'మసూద' చూచువాడు ఉలికిపడునే కాని ఆసనము విడువడు.

చిక్కు వీడియో క్రీడలతో వచ్చినది. 1996లో జపానున వెలువడిన 'రెసిడెంట్ ఈవిల్' ఈ జాతికి ప్రసిద్ధి తెచ్చినది. 2010లో స్వీడనున వెలువడిన 'అమ్నీసియా'లో క్రీడకునకు ఆయుధమే లేదు. దాగుట, పరుగిడుట తప్ప గతి లేదు. ఇచట లేడి క్రీడకుడే. తలుపు తెఱచువాడును వాడే, తెఱచినందుకు వణకువాడును వాడే. అభినవగుప్తుడు విఘ్నమని త్రోసివేసిన 'నేను' ఇచట కథకు ఇరుసైనది. కావున ఇది రసము కాదు, ఉద్వేగమాత్రమే యని పండితులు కొట్టివేయవచ్చును.

ఆ తీర్పు తొందరపాటు. వ్రేలు తీసి ఆట మానుట క్రీడకుని వశమే. ఐనను క్రీడకుడు తీయడు. ఓడిన పిదప మరల అదే చీకటిలోనికి పోవును. 1994లో బండి యెక్కినవారు ఆ భయమును మరల కోరియుండరు. కోరి తెచ్చుకొను భయము కేవల లౌకికము కానేరదు.

మఱియొక విశేషము కలదు. భరతుడు భయానకమును వ్యాజజము, అపరాధజము, విత్రాసితకము అని మూడు విధములుగా విభజించెను. చిత్రము చూచువానికి అపరాధము లేదు. పాత్ర చేసిన తప్పు పాత్రదే. 2018 నాటి 'బ్యాండర్‌స్నాచ్' వంటి కథలలో నాయకుని చేతలను ప్రేక్షకుడే ఎంచును. అపుడు తప్పులో వానికిని పాలు వచ్చును. రంగస్థలముననే యుండిన అపరాధజభయము సహృదయుని యొడిలోనికి వచ్చుట ఈ కళ తెచ్చిన నిజమైన మార్పు.

ఐనను ఈ 'నేను' మనకు బొత్తిగా పరాయిది కాదు. పద్మశాలీలు మార్కండేయుని తమ కులమూలపురుషునిగా తలంతురు. వారి ఆశ్రితులైన కూనపులివారు చేర్యాల పటము విప్పి ఆ పురాణము చెప్పునపుడు, యమపాశము పడునది వినువారికి ఎవరో బాలుని మెడపై కాదు, తమ వంశముపైననే. భయానకమునకు అధిదేవతయైన కాలుడే అచట ఎదుట నిలుచును. కాని ఆ కథ అభయముతో ముగియును, శివుడు అడ్డుపడును. పెక్కు భయక్రీడలలో చచ్చినవాడు మొదటికి వచ్చునే కాని అభయమిచ్చువాడు లేడు.

ఉధ్నా వంటి పేటలలోని తెలుగుబిడ్డకు నేడు చేతిలోని ఫోనే పటము. అందలి భయము చాలవఱకు పరభాషలో వచ్చును. జడుపు, బెదురు, గుబులు, జంకు, హడలు - వీనిలో ఏ రెండును ఒకటి కావు. అనుభవము మిగిలి మాట జాఱిపోయినచో ఆ భేదములును జాఱిపోవును. తెలుగుశాఖలు రసపాఠమున ఈ క్రీడలకు చోటిచ్చి, వలసపేటలలో మిగిలిన పటకథను వెంటనే సేకరింపవలెను. ఈ రెండు పనులలో ఒకటి విడిచినను రెండవది అసమగ్రమే.