పండగ తేదీ ముందే తేల్చండి

మన మంచేనహళ్ళి ఇండ్లవాళ్ళు ఇప్పుడు అనంతపురం, హైదరాబాదు దాకా ఉన్నారు. సంక్రాంతికి అందరం కలవాలంటాం, టికెట్లు మాత్రం చివరి వారంలో చూస్తాం. అప్పటికి ప్రైవేటు బస్సుల రేట్లు కొండెక్కి కూర్చుంటాయి. నలుగురు రావాల్సిన ఇంటి నుంచి ఒక్కరే వస్తారు.

నేననేది ఒకటే: పెద్దలు తేదీ ముందే చెప్పాలి. కర్ణాటక ఆర్టీసీలో నలుగురికి కలిపి ఒకే టికెట్టు ముందుగా తీసుకుంటే 5 శాతం, రానూపోనూ ఒకేసారి తీసుకుంటే తిరుగు టికెట్టు మీద 10 శాతం తగ్గింపు ఉంది. హైదరాబాదు నుంచి 44వ నంబరు హైవే మీద వచ్చే బస్సైతే బెంగళూరు దాకా పోనక్కర్లేదు. చిక్కబళ్ళాపురంలో ఆగుతుందా అని బుకింగప్పుడే చూసుకోండి.

డబ్బు సంగతి అట్లుంచండి. పిల్లలు రాకపోతే మేనత్త ఎవరో, మేనమామ ఎవరో వాళ్ళకెట్ల తెలుస్తుంది?