ఓర్వకల్లు గాలిలోకి సీసం రానివ్వొద్దు

డోన్ పట్టణ, మండల ప్రజలకు విన్నపం

ఓర్వకల్లులో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్న విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది. మూడు రోజులకే ప్రయాణికుల విమానాలు దిగాయి. అక్కడ పైలట్ శిక్షణ కేంద్రం కూడా పెట్టాలన్న మాట అప్పటి నుంచీ వినిపిస్తూనే ఉంది. 2022లో విమానాశ్రయాల ప్రాధికార సంస్థ శిక్షణ సంస్థలకు చోటిచ్చిన ఐదు విమానాశ్రయాల్లో మన కడప ఒకటి. కేంద్రం వస్తే మంచిదే. డోన్ పిల్లలు పైలట్ కావాలంటే రాయబరేలీ దాకానో అమెరికా దాకానో పోవాల్సిన పని తప్పుతుంది. కాబట్టి ఈ కరపత్రం శిక్షణ కేంద్రం వద్దనడానికి రాసింది కాదు. అడిగేది ఒకే షరతు: సీసం కలిసిన ఇంధనంతో నడిచే విమానం ఒక్కటి కూడా అక్కడ శిక్షణకు వాడకూడదు. ఆ మాట ఒప్పందంలో ముందే ఉండాలి. విమానాలు కొన్నాక అడిగితే లాభం లేదు. ఎందుకు లేదో ముందు ముందు తెలుస్తుంది.

విమానానికి పోసేది పెట్రోలు అని మనలో చాలామంది అనుకుంటారు. పెద్ద విమానాలు పెట్రోలు తాగవు. జెట్ విమానమైనా, చిన్న పట్టణాలకు వచ్చే రెండు ఫ్యాన్ల ఏటీఆర్ అయినా, వాటిలో ఉండేది టర్బైన్. దానికి కావలసింది బాగా శుద్ధి చేసిన కిరసనాయిలు. లెక్కల్లో ఏటీఎఫ్ అనీ, జెట్ ఏ-1 అనీ రాసేది దాన్నే. మైనస్ 47 డిగ్రీల చలి దాకా గడ్డకట్టదు, 38 డిగ్రీల లోపు వేడికి నిప్పు అందుకునే ఆవిరి ఇవ్వదు, అందుకే దాన్ని ఎంచుకున్నారు. ఎన్నికలప్పుడు మన మైదానాల్లో దుమ్ము లేపుతూ దిగే నాయకుల హెలికాప్టర్లవీ ఎక్కువగా టర్బైన్లే, వాటికీ ఇదే కిరసనాయిలు. దీంట్లో సీసం కలపరు. చిక్కంతా చిన్నవాటితోనే. శిక్షణకు వాడే సెస్నా 172 లాంటి విమానాల్లోనూ, రాబిన్సన్ ఆర్44 లాంటి చిన్న హెలికాప్టర్లలోనూ కారులో మాదిరి పిస్టన్ ఇంజిన్ ఉంటుంది. వాటికి పోసేది అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ అనే ప్రత్యేక పెట్రోలు. ఆ రెండు ఎల్‌లకూ అర్థం ‘తక్కువ సీసం’. పాతకాలపు అవ్‌గ్యాస్‌తో పోలిస్తే తక్కువ, అంతే. లీటరుకు 0.56 గ్రాముల వరకూ సీసం కలపడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి.

సీసం ఎందుకు కలిపారంటే, ఇంజిన్‌లో ఒత్తిడి పెరిగినప్పుడు పెట్రోలు వేళ కాని వేళ అంటుకుని నాకింగ్ కొడుతుంది. టెట్రాఇథైల్ లెడ్ అనే సీసపు రసాయనం చుక్కలు పడితే అది ఆగుతుందని 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్గ్లీ కనిపెట్టాడు. ఆ తర్వాత ప్రపంచంలోని కార్లన్నీ దశాబ్దాల పాటు రోడ్ల మీద సీసం కక్కాయి. మన దేశం 2000 ఫిబ్రవరి 1 నుంచి బంకుల్లో సీసం పెట్రోలు పూర్తిగా ఆపేసింది. ప్రపంచంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది. అంటే డోన్‌లో మోపెడ్‌కు నిషేధించిన విషం, ఆకాశంలో తిరిగే విమానానికి మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది. శిక్షణ విమానం ఎగిరే ముందు విద్యార్థి రెక్క కింది చిన్న వాల్వును నొక్కి, గాజు గ్లాసు లాంటి పాత్రలోకి కాస్త ఇంధనం పట్టి వెలుతురుకు ఎత్తి చూస్తాడు. అడుగున నీటి బుడగ ఉందా, రంగు సరిగా ఉందా అని. 100 ఎల్ఎల్ అయితే లేత నీలం, జెట్ ఏ-1 అయితే దాదాపు రంగు ఉండదు. ఆ పరీక్ష అయ్యాక గ్లాసులోది నేల మీద విదిలించే అలవాటు చాలా దేశాల్లో ఉండేది. కొన్నిచోట్ల ఇంకా పోలేదు.

ఇక లెక్క చూద్దాం. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దేశంలో 200 గంటలు ఎగరాలి. సెస్నా 172 గంటకు సుమారు 30 లీటర్లు తాగుతుంది. గరిష్ఠ పరిమితి లెక్కన గంటకు దాదాపు 17 గ్రాములు, ఒక విద్యార్థి చదువు ముగిసేసరికి మూడు కిలోల పైచిలుకు సీసం. ఏడాదికి నూరు మంది విద్యార్థులైతే మూడు క్వింటాళ్ల పైమాట. ఇంధనంలో సీసం పరిమితి కన్నా తక్కువే ఉంటుంది, కొంత ఇంజిన్ ఆయిల్‌లో చిక్కుతుంది, కొన్ని గంటలు సిమ్యులేటర్‌లో గడుస్తాయి అనుకుని సగానికి సగం కొట్టేసినా ఒకటిన్నర క్వింటాలు మిగులుతుంది. పైగా ఇది ఆకాశమంతా పరుచుకునేది కాదు. పెద్ద విమానం లేచి పైకి వెళ్లిపోతుంది. శిక్షణ విమానం మాత్రం లేవడం, వెయ్యి అడుగుల ఎత్తున రన్‌వేను చుట్టి రావడం, దిగడం, మళ్లీ లేవడం, చాలా గంటలు దీన్నే చేస్తుంది. రన్‌వే మొదట నిలబడి ఇంజిన్‌ను గట్టిగా తిప్పి చూసుకుంటుంది. పొగతో పోయే సీసంలో కొంత కంటికి కనిపించని సన్నటి రజనుగా ఆ చుట్టుపక్కల నేల మీదనే వాలుతుంది. వాలినది కుళ్లదు, కరగదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఎండి, గాలికి లేచే నేల మనది. లేచిన దుమ్ము ఎక్కడికి పోతుందో బేతంచెర్ల, డోన్ మధ్య గనుల టిప్పర్ల వెనక నడిచేవారికి చెప్పాల్సిన పని లేదు.

ఇది ఊహ కాదు, కొలిచి చూసిన సంగతి. కాలిఫోర్నియాలోని శాంటా క్లారా కౌంటీలో, మన తెలుగువాళ్లు వేల సంఖ్యలో కాపురముండే చోటనే, రీడ్-హిల్‌వ్యూ అనే చిన్న విమానాశ్రయం ఉంది. అక్కడ ఎగిరేవి ఎక్కువగా పిస్టన్ విమానాలు. చుట్టూ ఉండే పిల్లల రక్త పరీక్షలను పదేళ్లవి తీసి 2021లో అధ్యయనం చేస్తే, అర మైలు లోపల ఉండే పిల్లల రక్తంలో సీసం దూరంగా ఉండేవారి కన్నా ఎక్కువగా తేలింది. గాలివాటు దిక్కున ఉన్నవారిలో మరీ ఎక్కువ. కౌంటీ 2022 జనవరి 1 నుంచి అక్కడ సీసం ఇంధనం అమ్మకం ఆపేసింది. 2023 అక్టోబరులో అమెరికా పర్యావరణ సంస్థ ఈ ఇంధనపు సీసం ప్రజారోగ్యానికి ప్రమాదకరమని అధికారికంగా ప్రకటించింది. ఐరోపా సమాఖ్యలో 2025 మే 1 తర్వాత టెట్రాఇథైల్ లెడ్ వాడాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. పిల్లల రక్తంలో ఇంత వరకు సీసం ఉంటే ఫర్వాలేదు అని చెప్పదగ్గ మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. అది మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, తీసిన దెబ్బ మళ్లీ పూడదు.

దీనికి వచ్చే మొదటి ఎదురుమాట తెలిసిందే. పాత బ్యాటరీలు కరిగించే చోట్ల నుంచి, రంగుల నుంచి, కొన్నిచోట్ల కల్తీ పసుపు నుంచి వచ్చే సీసం ముందు ఇదెంత? నిజమే, అవే పెద్దవి. 2020లో యునిసెఫ్, ప్యూర్ ఎర్త్ కలిసి వేసిన అంచనాలో మన దేశపు పిల్లల్లో సుమారు 27.5 కోట్ల మంది రక్తంలో సీసం ఆందోళన కలిగించే స్థాయి దాటింది. ఇప్పటికే ఇంత ఉన్నప్పుడు ఇంకొంచెం పోస్తే ఏమవుతుందనే వాదం నాకు అర్థం కాదు. బ్యాటరీల పని మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి, దాన్ని బాగు చేయాలంటే ఏళ్లు పడుతుంది. ఇక్కడ ఆపాల్సిన పనీ లేదు, పోయే ఉపాధీ లేదు. మొదలుపెట్టకుండా ఉంటే చాలు.

రెండో ఎదురుమాట బరువైనది. సీసం లేని ఇంధనం ఇంకా పూర్తిగా నమ్మదగ్గది కాలేదంటారు. అమెరికాలో నార్త్ డకోటా విశ్వవిద్యాలయం 2023లో తన శిక్షణ విమానాలను సీసం లేని యూఎల్94 ఇంధనానికి మార్చింది. కొన్ని నెలలకే వాల్వు సీట్లు అరిగిపోతున్నాయని గమనించి అదే ఏడాది అక్టోబరులో తిరిగి 100 ఎల్ఎల్‌కే వెళ్లింది. ఈ సంగతి దాచాల్సిన పని లేదు, మా వాదానికి అసలు బలం ఇదే. సీసానికి అలవాటు పడిన పాత ఇంజిన్‌లో ఇంధనం మార్చడం తిప్పలు. అసలే సీసం అక్కర్లేని ఇంజిన్ కొంటే ఆ తిప్పలు ఉండవు. ఒక శిక్షణ విమానం ముప్పై ఏళ్లు ఎగరగలదు, కాబట్టి కొనేనాడు చేసిన ఎంపికే ముప్పై ఏళ్ల పాటు మన గాలిని నిర్ణయిస్తుంది. షరతు ముందే ఉండాలనడం అందుకే.

అలాంటి విమానాలు ఉన్నాయా? ఉన్నాయి. డైమండ్ డీఏ40 ఎన్‌జీ, రెండు ఇంజిన్ల డీఏ42 డీజిల్ తరహా ఇంజిన్లతో నడుస్తాయి, జెట్ ఏ-1 తాగుతాయి. అంటే ప్రయాణికుల విమానం తాగే కిరసనాయిలే. డీఏ42 రాయబరేలీలోని కేంద్ర ప్రభుత్వ అకాడమీలో ఇప్పటికే ఎగురుతోంది. టెక్నాం విమానాల్లోని రోటాక్స్ ఇంజిన్లు సీసం లేని పెట్రోలుతో నడుస్తాయి. కానీ మన బంకు పెట్రోలు వీటికి పనికిరాదు. రోటాక్స్ 912 ఇంజిన్ పది శాతం దాకానే ఇథనాల్‌కు ఒప్పుకుంటుంది, బంకులో ఇప్పుడు వస్తున్నది ఇరవై శాతం. పైగా మన ఎండలకు పెట్రోలు గొట్టంలోనే ఆవిరయ్యే ప్రమాదముంది. ఇథనాల్ లేని ప్రత్యేక సరఫరా ఉంటేనే ఆ దారి. బ్యాటరీ విమానం పిపిస్ట్రెల్ వెలిస్‌కు 2020లో ఐరోపాలో అనుమతి వచ్చింది కానీ గంట లోపే దిగాలి. కాబట్టి ఓర్వకల్లుకు నా ఎంపిక మొదట చెప్పిన జెట్ ఏ-1 విమానాలే.

ఖర్చు మాట. డీజిల్ తరహా విమానం కొనేటప్పుడు ఎక్కువ పడుతుంది. కానీ డీఏ40 ఎన్‌జీ గంటకు 20 లీటర్లకు కాస్త అటూ ఇటూ తాగుతుంది, అదీ అవ్‌గ్యాస్ కన్నా బాగా చవకైన ఇంధనం. తేడా ఇంకా మిగిలితే ప్రభుత్వం పూడ్చాలి. ఇంధనం పన్ను వదులుకుని విమానాలు రప్పించడం మనకు కొత్తేమీ కాదు. ఉడాన్ పథకంలో చిన్న విమానాశ్రయాల దగ్గర ఏటీఎఫ్ మీద వ్యాట్‌ను ఒక శాతానికి మించకుండా చూస్తామని రాష్ట్రాలు మాట ఇచ్చాయి. టిక్కెట్టు ధర కోసం వదిలిన పన్నును పిల్లల రక్తం కోసం వదలలేమా? ఇండియన్ ఆయిల్ 2022 సెప్టెంబరులో వడోదర రిఫైనరీలో తయారైన స్వదేశీ అవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్‌ను తెచ్చింది కదా అంటారు. దిగుమతి తగ్గింది, సంతోషం. పాత విమానాలు ఉన్నచోట అది వాడుకుంటారు. స్వదేశీ సీసం కూడా సీసమే.

ఓర్వకల్లు కర్నూలు జిల్లా, మనం 2022 నుంచి నంద్యాల జిల్లా, మనకెందుకు అనేవారూ ఉంటారు. శిక్షణ విమానాలు రన్‌వే చుట్టూనే తిరగవు, పరిసర మండలాల మీదా సాధన చేస్తాయి. ఓర్వకల్లు పారిశ్రామిక ప్రాంతంలో పనికి వెళ్లేవారిలో మనవాళ్లూ ఉంటారు. విమానాశ్రయం రాష్ట్ర విమానాశ్రయాల అభివృద్ధి సంస్థది, అంటే మన పన్నుల సొమ్ముతో నడిచేది. స్థలం ఇచ్చేది ఆ సంస్థే కాబట్టి టెండరులో షరతు రాయడానికి ఢిల్లీని అడిగే పని కూడా లేదు.

అందుకని డోన్ మునిసిపాలిటీ కౌన్సిల్, మండల పరిషత్తు, గ్రామసభలు తీర్మానం చేసి రెండు జిల్లాల కలెక్టర్లకూ, రాష్ట్ర విమానాశ్రయాల అభివృద్ధి సంస్థకూ పంపాలని కోరుతున్నాం. పొదుపు ఉద్యమానికి పేరుపొందిన ఓర్వకల్లు మహిళా సంఘాలు ముందుకొస్తే ఈ మాటకు బరువు పెరుగుతుంది. తీర్మానంలో మూడు సంగతులుండాలి: శిక్షణ సంస్థకు ఇచ్చే లీజులో సీసం ఇంధనం నిల్వ, వాడకం నిషేధించాలి, కడపలోని లీజు మళ్లీ రాసేటప్పుడు ఇదే షరతు చేర్చాలని ప్రాధికార సంస్థను కోరాలి, మొదటి శిక్షణ విమానం దిగకముందే రన్‌వే చుట్టూ రెండు కిలోమీటర్ల లోపలి ఊళ్లలో మట్టినీ, తల్లిదండ్రుల అనుమతితో బడిపిల్లల రక్తాన్నీ పరీక్షించి, ఫలితాలు పంచాయతీ నోటీసు బోర్డు మీద తెలుగులో పెట్టాలి.