రెడ్డిగారూ అని పిలిస్తే...

సావనీరుకు ఏటా ఒక ఆరోగ్య విషయం రాయమంటారు సంపాదకులు. షుగరు, బీపీ, గుండె అన్నీ అయిపోయాయి. ఈసారి మన సభ్యులు నన్ను ఎక్కువగా అడిగే కాగితం గురించి రాస్తాను. ఊరినుంచి ఫోనులో వస్తుంది. పైన సీబీనాట్ అనో ట్రూనాట్ అనో ఉంటుంది, కింద "ఎంటీబీ డిటెక్టెడ్" అని. అంటే కఫంలో క్షయ కనిపించిందని. తమ్ముడికో బావమరిదికో వీసా చేతికొచ్చి ఉంటుంది, అప్పు కూడా చేసి ఉంటారు. గల్ఫ్ మెడికల్‌లో క్షయ అని తేలితే ప్రయాణం ఆగినట్టే. అందుకే అడిగేది ఒకటే: "డాక్టరుగారూ, మెషీన్ చెప్పింది నిజమేనా?"

క్షయ అంటే కడప, చిత్తూరు వైపు వాళ్ళకు మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం గుర్తుకొస్తుంది. 1915లో మొదలైంది. ఆ రోజుల్లో ఉన్నది మైక్రోస్కోపే. రంగు వేసి చూస్తే క్షయ బాక్టీరియా ఎర్రటి పుల్లల్లా కనబడుతుంది. కాని మట్టిలో, నీళ్ళలో బతికే దాని చుట్టాలూ అదే ఎరుపు. ఆ తేడా చెప్పడానికే జెనెటిక్ ప్రోబ్ అవసరమైంది.

డీఎన్‌ఏ రెండు పేటల తాడు. ఒక పేటలో ఎ ఉంటే ఎదుటి పేటలో టి, జి ఉంటే సి, మరో జత సరిగా కుదరదు. మనం పట్టదలచిన బాక్టీరియాలోని ఇరవై ముప్ఫై అక్షరాలకు సరిజోడు ముక్కను తయారుచేసి, మెరిసే రంగు తగిలిస్తే అదే ప్రోబ్. వేడిచేస్తే పేటలు విడిపోతాయి. చల్లారేటప్పుడు ప్రోబ్ వెళ్ళి తన జోడీకి అతుక్కుని మెరుస్తుంది. ఆ అక్షరాలు చుట్టాల్లోనూ ఉంటేనే చిక్కు. మన ఖైతాన్ బస్‌స్టాపులో నిలబడి "రెడ్డిగారూ" అని కేకేయండి, పదిమంది తిరిగి చూస్తారు. ఇంటిపేరు, ఊరు, తండ్రిపేరు కలిపి పిలిస్తే ఒక్కరే చూస్తారు.

మరి ప్రోబ్ ఒక్కరినే పిలుస్తోందని ఎలా తెలుస్తుంది? ముందు కంప్యూటర్లో వెతుకుతారు, ఈ అక్షరాల వరస లోకంలో తెలిసిన ఏ జీవిలోనైనా ఉందేమోనని. అది పెళ్ళిచూపుల ముందు ఫొటో చూడడం లాంటిది, దాంతో సరిపోదు. తరవాత లాబొరేటరీలో వరసగా ట్యూబులు పెడతారు. కొన్నిటిలో రకరకాల దేశాలనుంచి తెచ్చిన క్షయ బాక్టీరియా. కొన్నిటిలో దగ్గరి చుట్టాలు: ఏవియమ్, కాన్సాసై, ఫార్ట్యూయిటమ్. కొన్నిటిలో గొంతులో మామూలుగా కాపురముండే బాక్టీరియా, మనిషి డీఎన్‌ఏ, ఒకదానిలో ఉత్త నీళ్ళు. మొదటి వరస అంతా మెరవాలి, మిగతావన్నీ మౌనంగా ఉండాలి. ఆ మౌనాన్ని కూడా ఊరికే నమ్మరు. ట్యూబులో రసాయనం పాడైనా మౌనమే కదా! అందుకని ప్రతి ట్యూబులోనూ తప్పక మెరవవలసిన వేరే డీఎన్‌ఏ కొంచెం కలిపి ఉంచుతారు. అది మెరిసి, ప్రోబ్ మెరవకపోతేనే "లేదు" అన్న మాటకు విలువ. ఉష్ణోగ్రత కూడా ముఖ్యం. కాస్త పెంచితే ఒకటి రెండు అక్షరాలు తేడా ఉన్న జోడీలు ఊడిపోతాయి, అసలు జోడీ నిలుస్తుంది. మరీ పెంచితే అసలుదీ ఊడుతుంది.

"రకరకాల దేశాలనుంచి" అన్నాను చూశారా, అందులో మనకొక కథ ఉంది. క్షయ బాక్టీరియాలో ఐఎస్ 6110 అనే డీఎన్‌ఏ ముక్క ఉంటుంది. చాలా చోట్ల ఒక్కో బాక్టీరియాలో పదికి పైగా కాపీలు ఉంటాయి కనుక పట్టడం సులువని పరీక్షలవాళ్ళు చాలామంది దాన్నే పట్టుకున్నారు. మద్రాసులోని ట్యూబర్‌క్యులోసిస్ రీసెర్చ్ సెంటర్ వాళ్ళు తమ రోగుల బాక్టీరియాను చూసి 1995లో ప్రచురించారు: చాలావాటిలో ఒకే ఒక్క కాపీ, కొన్నిటిలో అసలే లేదు. అంటే అక్కడ పాసైన ప్రోబ్ మన దక్షిణాదిలో కొందరు రోగులను చూసి "నీకేం లేదు పో" అంటుందన్నమాట. ఇది వాళ్ళు చూసి ఉండకపోతే మనకెవరు చెప్పేవారు? నాకు ఆ పని మీద చాలా గౌరవం.

ఇక సీబీనాట్. ఇది ఐఎస్ 6110 జోలికి పోకుండా ఆర్‌పీఓబీ జన్యువులోని 81 అక్షరాల మీద ఐదు ప్రోబులు వేస్తుంది. 2010లో వెలువడిన అధ్యయనంలో క్షయ లేని 609 మందిలో 604 మందికి ఒక్క పరీక్షతోనే లేదని సరిగా చెప్పింది. గొప్ప సంగతే. అయినా లెక్క వేయండి. వందకు ఒకటి తప్పే పరీక్షను దగ్గూ జ్వరమూ లేని వెయ్యిమందికి చేశారనుకుందాం. వాళ్ళలో నిజంగా క్షయ ఉన్నవాళ్ళు ముగ్గురే అనుకుందాం. పాజిటివ్ వచ్చేది పదముగ్గురికి, అందులో పదిమందికి జబ్బే లేదు! అదే మూడు వారాల దగ్గు, బరువు తగ్గడం ఉన్నవాడికి వచ్చిన పాజిటివ్ అయితే నమ్మవలసిందే.

ఇంకొకటి. ప్రోబుకు బతికిన బాక్టీరియా, చచ్చిన బాక్టీరియా తేడా తెలియదు. లోగడ మందులు వాడి నయమైనవాళ్ళకు కూడా కఫంలో చచ్చినవాటి డీఎన్‌ఏ మిగిలి పాజిటివ్ రావచ్చు. కొత్త అల్ట్రా పరీక్షలో "ట్రేస్" అని వస్తే మరీ జాగ్రత్తగా చూడాలి. ఐఎస్ 6110ను మళ్ళీ తెచ్చి, తోడుగా ఐఎస్ 1081 అనే మరో ముక్కను పెట్టారు కనుక అది అతి సూక్ష్మంగా పట్టేస్తుంది. అలాంటప్పుడు కల్చర్ చేయించమని అడగండి. వారాలు పడుతుంది గాని, పెరిగిందంటే బతికున్నట్టే.

నిజంగా క్షయే అయితే, మందులకు లొంగే మామూలు రకానికి ఆరునెలల చికిత్స. ఊళ్ళోనే ఉండి పూర్తిచేయించండి. ఎక్స్‌రేలో మచ్చ మిగిలి తరవాత వీసా మెడికల్‌లో అడ్డు రావచ్చు, ఆ మాట దాచను. అయినా దగ్గు దాచుకుని వచ్చి ఇక్కడ ఆరుగురున్న గదిలో పడుకోవడం కంటే అది నయం. చికిత్స ముగిసినట్టు ఇచ్చిన కాగితం, పాత ఎక్స్‌రే, కల్చర్ రిపోర్టు మూడూ పారేయకుండా పాస్‌పోర్టు ఉన్న సంచిలోనే పెట్టించండి.