ఉద్వాసన ఉత్తరం

వినాయక చవితి మర్నాడు మా అమ్మ ఓ కొబ్బరికాయ కొట్టి, ఇంత బెల్లం నైవేద్యం పెట్టి, తెలిసీ తెలియక చేసిన తప్పులు కాయమని దండం పెట్టుకుని, అప్పుడుగానీ పీట మీది విగ్రహాన్ని కదిపేది కాదు. ఉద్వాసన అంటే అదీ. ఆ మాటను పత్రికలవాళ్లం తీసుకెళ్లి ఉద్యోగాలకు అంటించాం. ఫలానా కంపెనీలో ఇన్ని వేలమందికి ఉద్వాసన అని హెడ్డింగు పెట్టేస్తాం. దండమూ లేదు, బెల్లమ్ముక్కా లేదు. కదపడం ఒక్కటే మిగిలింది.

ఈ మధ్య మైక్రోసాఫ్ట్ కోతల వార్తలు చదువుతుంటే నాకు 2014 జులై 17 నాటి ఉత్తరం ఒకటి గుర్తొస్తోంది. ఆ రోజు ఆ కంపెనీ 18 వేల ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది. అందులో 12,500 నోకియా ఫోన్ల విభాగంతోపాటు వచ్చినవాళ్లవి. మైక్రోసాఫ్ట్ ఆ విభాగాన్ని కొనడం పూర్తయింది అదే ఏడాది ఏప్రిల్ 25న. అంటే కాళ్ల పారాణి ఆరకముందే పుట్టింటికి పంపేశారన్నమాట, ఆ పుట్టింటివాళ్లు ఫోన్ల వ్యాపారం అమ్మేసుకున్నాక!

ఆ విభాగం పెద్ద స్టీఫెన్ ఎలాప్ తన సిబ్బందికి రాసిన ఉత్తరం ‘హలో దేర్’ అని మొదలవుతుంది. పెళ్లిలో ఎప్పుడో చూసిన మనిషి రైల్లో ఎదురైతే పలకరించినట్టుంటుంది. ఆ తర్వాత కంపెనీ వ్యూహం, అందులో ఫోన్ల పాత్ర, ఏ ధరలో ఏ మోడల్ అమ్మాలి... పేరా తర్వాత పేరా. ఉద్యోగం ఉందో ఊడిందో తెలియని మనిషి అదంతా చదవాలి. పది పేరాలు దాటాకగానీ 12,500 అనే అంకె కనిపించదు. పాలవాడు రేపట్నించి రానని చెప్పాలన్నా గుమ్మంలో నిలబడి ముందు ఆ మాటే చెబుతాడు.

నిర్ణయం తప్పని నేననను. అప్పటికి వాళ్ల దుకాణంలో మూడు రకాల సరుకుంది. విండోస్‌తో లూమియా, ఆండ్రాయిడ్‌తో నోకియా ఎక్స్, చవక ఫోన్లలో ఆశా. మూడింటికీ మూడు సాఫ్ట్‌వేర్లు, వాటికి వేర్వేరు ఇంజినీర్లు. యాప్ రాసేవాడేమో ఐఫోన్‌కీ గూగుల్‌కీ రాసేసరికే అలిసిపోతున్నాడు. విండోస్ అమ్ముకునే కంపెనీ ఆండ్రాయిడ్ ఫోన్ తయారు చేయడమంటే, మిఠాయి కొట్టువాడు పక్క కొట్టు లడ్డూలు తెచ్చి అమ్మడమే. నోకియా ఎక్స్‌ను మార్చిలో మన దేశంలో 8,599 రూపాయలకు విడుదల చేశారు. జులైకి దాని దారి మూసేశారు. ఆశాను కొత్తవి చేయకుండా పక్కన పెట్టారు. లెక్కల పుస్తకంలో ఇదంతా సబబే.

నాకు మింగుడుపడనిది వేరే. ఈ నోకియా బేరం కుదిర్చింది అప్పటి సీఈఓ స్టీవ్ బామర్, 2013లో, దాదాపు 720 కోట్ల డాలర్లకు. అప్పుడు కంపెనీ పెద్దల అభిప్రాయం అడిగితే తాను వద్దన్నానని సత్య నాదెళ్ల తర్వాత తన ‘హిట్ రిఫ్రెష్’ పుస్తకంలో రాసుకున్నారు. వద్దన్న మనిషే 2014 ఫిబ్రవరిలో సీఈఓ కుర్చీ ఎక్కి, ఆ బేరాన్ని కూల్చే పని నెత్తినేసుకున్నారు. మరుసటేడు ఇంకో 7,800 ఉద్యోగాలు పోయాయి, 760 కోట్ల డాలర్లు నష్టం కింద రాసేశారు. కొన్న ధర కన్నా ఎక్కువే! అంత పెద్ద పొరపాటులో ఔనన్నవాళ్లకీ వద్దన్నవాళ్లకీ ఓటు ఉంది. ఫిన్లాండ్‌లోని ఔలులో, హంగరీలోని కొమారోమ్ ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు.

నాదెళ్ల పదవిలోకి వచ్చిన వారంలో అనంతపురం జిల్లా బుక్కాపురం ఎక్కడుందో, బేగంపేట బడిలో ఆయన ఎలా చదివారో మనం తెగ రాసుకున్నాం. ఆ రాతల్లో నావీ ఉన్నాయి. ఔలు ఎక్కడుందో చూడ్డానికి మాత్రం పటం విప్పలేదు.

ఇప్పుడు ఆ పటం మన ఇళ్లదాకా వచ్చింది. 2025 మే నెలలో దాదాపు 6 వేలు, జులైలో 9 వేల దాకా అదే కంపెనీ తీసేసింది. ఏడాది లాభం 10 వేల కోట్ల డాలర్లు దాటిన సంవత్సరమది! అమెరికాలో హెచ్‌1బీ వీసా మీదున్నవాళ్లకు పని పోతే సాధారణంగా 60 రోజులే గడువు. ఆలోపు ఇంకో కంపెనీ దొరక్కపోతే పిల్లల బడి, కారు అప్పు, ఇంటి లీజు అన్నీ సర్దుకుని విమానం ఎక్కడమే. ఆ ఇళ్లలో తెలుగిళ్లు తక్కువేం కావు. ఈసారి ఉత్తరం నాదెళ్లే రాశారు. ఈ కోతలు తన మనసును బరువెక్కిస్తున్నాయని ఒప్పుకున్నారు. ఎలాప్ ఉత్తరం కన్నా అది నయమే. బరువు ఎవరు మోశారన్నది వేరే సంగతి.

ఆ నోకియా బేరం సెగ అప్పట్లోనే మన పక్కనా తగిలింది. చెన్నై పక్క శ్రీపెరుంబుదూర్‌లో నోకియా ఫ్యాక్టరీ ఉండేది. ఆదాయపు పన్ను గొడవలో చిక్కుకుని అది మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లనే లేదు. అమ్మకానికి నోచుకోక, వాళ్ల ఆర్డర్ల మీద కొన్నాళ్లు ఫోన్లు చేసిపెట్టింది. స్వచ్ఛంద విరమణ కాగితాల మీద వేలమంది సంతకాలు పెట్టి వెళ్లారు. ఆర్డర్లు ఆగాయి. 2014 నవంబర్ 1న తయారీ ఆపేసింది. ఐదేళ్లు తాళం పడి ఉన్న ఆ షెడ్డును 2019లో సాల్‌కాంప్ అనే కంపెనీ తీసుకుంది, ఛార్జర్లు చేయడానికి.