ఆకు రాల్చే అడవి

నగరానికి గంట దూరంలో వర్షారణ్యం, అందులో ఏకాంతవాసం, కనుచూపు మేర పచ్చదనం, కిటికీ తెరిస్తే పక్షుల కూజితాలు: మొయినాబాదు, చేవెళ్ళ దారుల్లో వెలసిన విడిది గృహాల ప్రకటనలు చాలావరకు ఇదే బాణీలో సాగుతాయి. వారమంతా కార్యాలయాల్లోనూ, వాహనాల రొదలోనూ నలిగిన మనిషికి ఇంతకంటే ఊరించే మాట మరొకటి ఉండదు. ఆ కోరికను ఎగతాళి చేయడం నా ఉద్దేశం కాదు. అడవి మీద మమకారం మనిషికి పుట్టుకతో వచ్చిందే. నా సందేహమల్లా ఒక్కటే. ఆ నేలమీద వర్షారణ్యం ఎక్కడి నుంచి వచ్చింది?

వర్షారణ్యమన్న మాటను ఇంపుగా ఉందని ఎక్కడబడితే అక్కడ వాడెయ్యలేం. ఏడాదికి కనీసం 2000 మిల్లీమీటర్ల వాన, అదీ నెలల తరబడి విడవకుండా, కురిసిన చోట పుట్టే అడవి అది. చెట్ల కొమ్మలు పైన అల్లుకుపోయి నేలకు వెలుగు దిగనివ్వవు. ఆకు రాలుతుంది కానీ, అడవి అంతా ఒక్కసారిగా మోడువారే కాలం ఉండదు. పడమటి కనుమల్లో ఆగుంబె దగ్గర ఏడాదికి 7000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. కేరళలోని సైలెంట్ వ్యాలీ అటువంటి అడవే. 1970లలో అక్కడ జలవిద్యుత్ ప్రాజెక్టు కట్టవద్దని కవులూ, ఉపాధ్యాయులూ, శాస్త్రజ్ఞులూ ఒక్కటై పోరాడారు. 1984లో అది జాతీయ ఉద్యానవనమయింది. మన చేవెళ్ళ ప్రాంతంలో కురిసేది 800 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. అందులో అధికభాగం జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడిపోతుంది. మిగిలిన ఎనిమిది నెలలూ ఈ నేల దాచుకున్న తేమతో బతకాలి. ఇక్కడ వర్షారణ్యాన్ని నిలబెట్టాలంటే ఆకాశం చాలదు, బోరుబావి కావాలి.

అందుకే ఈ విడిది గృహాల వనాలు ఒక వింత సంతలా ఉంటాయి. కరీబియన్ దీవుల రాయల్ పామ్, మడగాస్కర్ ట్రావెలర్స్ పామ్, దక్షిణ అమెరికా హెలికోనియా, గోడవారగా కోనోకార్పస్ కంచె, పంజరంలో అమెజాన్ అడవుల రంగుల మకావ్ చిలుక. నడుమ పచ్చిక బయలు, దానికి పూటపూటా నీళ్ళు. ప్రతి ఒక్కటీ దాని దాని చోట అందమైనదే. ఇక్కడ మాత్రం అవన్నీ ఒకరికొకరు పరిచయం లేని అతిథులు. ఒక్క పిట్ట గూడుకూ, ఒక్క సీతాకోకచిలుక గొంగళికీ అవసరమైన ఆకు ఆ పచ్చదనమంతటిలో దొరుకుతుందో లేదో చెప్పలేం.

దూరపు వింతల మీద మోజు మనకు కొత్తేమీ కాదు. పెద్దన గారి ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్ళకు పూసుకుని హిమాలయానికి వెళ్ళాడు. మంచుకు పసరు కరిగిపోయాక ఇంటిదారి తెలియక అల్లాడాడు. ఏమైనా ప్రవరుడు హిమాలయం దగ్గరికి తానే వెళ్ళాడు. మనం హిమాలయాన్నే మన పెరట్లోకి తెప్పించుకోజూస్తున్నాం.

చిత్రమేమంటే, నిజమైన అడవి ఆ విడిదులకు కూతవేటు దూరంలోనే ఉంది. చిలుకూరు దగ్గరి మృగవని 1994లో జాతీయ ఉద్యానవనమయింది. విస్తీర్ణం ఐదు చదరపు కిలోమీటర్ల లోపే. దుప్పులు, కణుజులు, అడవిపందులు, నెమళ్ళు, ఉడుములు అందులో బతుకుతున్నాయి. చిలుకూరు బాలాజీకి ప్రదక్షిణలు చేసి వచ్చే వేలాదిమందిలో ఆ అడవి వైపు తలతిప్పి చూసేవారు ఎందరని? మే నెలలో చూసినా పొదలూ, బండరాళ్ళూ, ఆకులు లేని కొమ్మలూ తప్ప మరేమీ కనిపించవు. ఎండిపోయిందని జాలిపడి ముందుకు సాగిపోతారు.

ఎండిపోలేదు. ఆకు రాల్చుకుంది. ఈ రెంటికీ నడుమ ఉన్న తేడాయే దక్కను అడవికి ప్రాణం. ఆకు ఉన్నంతసేపూ చెట్టు నీటిని ఆవిరిగా వదులుతూనే ఉంటుంది. వేసవిలో ఆ ఖర్చు భరించలేదు కనుక ఆకులను వదిలించుకుని, ఉన్న తేమను వేళ్ళలో, కాండంలో దాచుకుంటుంది. రాలిన ఆకు నేలకు దుప్పటి అవుతుంది. గట్టి కాపురం చేసే ఇల్లాలు కరువు నెలలో ఇల్లు నడిపినట్టే ఈ అడవి వేసవిని నడుపుతుంది.

పైగా ఆ ఆకులేని కాలమే దానికి పండుగ కాలం. ఫాల్గుణంలో మోదుగ ఒక్క ఆకు లేకుండా నిలువెల్లా పూస్తుంది. తేనె కోసం వచ్చే పిట్టలకు ఆకుల అడ్డే ఉండదు. చైత్రం వస్తుండగా ఇప్పపూలు తెల్లవారుజామున నేలమీద రాలతాయి. వైశాఖంలో రేల పసుపు గుత్తులు వేలాడేస్తుంది. తునికి పండ్లు ముదురు వేసవిలోనే రుచి. ఆరుద్ర కార్తెలో తొలివానకు ఎర్రని మఖమలు పురుగులు నేలమీద పాకుతాయి. కార్తె పేరే వాటికీ పెట్టుకున్నాం. ఆశ్వయుజం నాటికి తంగేడు బతుకమ్మలోకి వస్తుంది, సీతాఫలం బుట్టల్లోకి వస్తుంది. ఈ అడవికి ఒక పంచాంగం ఉంది. వర్షారణ్యానికి ఏడాదంతా ఒకే రంగైతే, దీనికి నెలకొక రంగు. రెండువేల ఏళ్ళనాడు ఈ దక్కనులోనే కూర్చబడిందని చెప్పే హాలుని గాథాసప్తశతిలో ఇప్పచెట్లూ ఉన్నాయి, మోదుగ పూలూ ఉన్నాయి. ఈ అడవిని అందమైనదిగా చూసే కన్ను మనకు ఒకప్పుడు ఉండేది.

ఆ కన్ను పోతే వచ్చే నష్టం సౌందర్య దృష్టితో ఆగదు. నిత్యం పచ్చగా ఉండేదే అడవి అని మనసులో ముద్ర పడితే, పచ్చగా లేనిదంతా బీడు కింద జమ అవుతుంది. మన ప్రభుత్వ లెక్కలే అందుకు సాక్ష్యం. దేశంలోని బంజరు భూములకు పటాలు తయారుచేసే పని హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం చేస్తుంది. ఆ జాబితాలో పొదల భూమి ఒక తరగతి. ముళ్ళపొద, గడ్డిమైదానం, బండల గుట్ట, ఇవన్నీ వ్యర్థభూములన్నమాట! వ్యర్థమని ముందే రాసి ఉన్న చోట లేఅవుటు వేసినా, గుట్టను తొలిచి కంకర చేసినా, మకావ్ పంజరం పెట్టినా అడిగేవారెవరు?

ఆ వ్యర్థభూమిలో ఎవరు బతుకుతారో కడప జిల్లా చెబుతుంది. కలివి పొదల్లో తిరుగుతుంది కనుక కలివికోడి అని పిలిచే పిట్ట 1900 తరువాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అందరూ అనుకున్నారు. 1986లో లంకమల అంచుల్లోని ముళ్ళపొదల్లో మళ్ళీ కనిపించింది. ప్రపంచంలో మరెక్కడా దానికి చోటున్నట్టు రుజువు కాలేదు. దట్టమైన అడవిని చూపిస్తే అది నిలవదు. దానికి కావలసింది పలచని పొద, నడుమ నడుమ బోడి నేల. కర్నూలు ప్రాంతపు రోళ్ళపాడులో బట్టమేకపిట్టది కూడా అదే కథ. దానికి గడ్డిమైదానమే ఇల్లు. ఇప్పుడు దేశమంతటా వెతికినా అవి రెండు వందలకు లోపే. చెట్లు నాటి పచ్చగా మార్చడం కూడా ఒక్కోసారి నాశనమేనని ఈ రెండు పిట్టలూ మనకు నేర్పుతాయి.

ఇక నీటి సంగతి. 1908 సెప్టెంబరులో మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల మేరకు ఎగువన రెండు జలాశయాలు కట్టారు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మొయినాబాదు, చేవెళ్ళ పొలాలూ గుట్టలూ ఈ చెరువుల పరీవాహక ప్రాంతం. అక్కడి పొదలూ గడ్డీ వాననీటిని పట్టి నిదానంగా వాగుల్లోకి వదిలితేనే ఇక్కడ చెరువు నిండుతుంది. ఆ సంగతి తెలుసు కనుకనే 1996లో 111వ నెంబరు జీవో 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలనూ, పెద్ద హోటళ్ళనూ, నివాస కాలనీలనూ నిషేధించింది. ఈ పరీవాహక ప్రాంతంలో ఒక నూనె కర్మాగారం గురించి నడిచిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 1999లోనూ, 2000లోనూ ఇచ్చిన తీర్పులను పర్యావరణ న్యాయం చదువుకునేవారు ఈనాటికీ పాఠంగా చదువుతారు. తరువాత గాలి మారింది. 2022 ఏప్రిల్‌లో 69వ నెంబరు జీవో ఆ ఆంక్షలను సడలించింది. 2023 మే నెలలో మంత్రివర్గం 111 జీవోను పూర్తిగా రద్దు చేయాలని నిర్ణయించింది. రైతు తన భూమికి ధర రాలేదని పాతికేళ్ళు బాధపడ్డాడు; ఆ బాధలో న్యాయముంది. నగరం నీళ్ళు తాగింది, ఖర్చు మాత్రం పల్లె భరించింది. దానికి పరిహారం ఆలోచించవలసిన చోట, కట్టడి ఎత్తివేయడమే పరిష్కారమైపోయింది.

ఆ దారిలోనే మర్రిచెట్లున్నాయి. పోలీసు అకాడమీ కూడలి నుంచి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్ల పొడవునా తొమ్మిది వందలకు పైచిలుకు మర్రులు నిజాం కాలం నుంచి నీడనిస్తున్నాయి. వర్షారణ్యం చూడబోయే కార్లన్నీ ఆ గొడుగు కిందనుంచే సాగిపోతాయి, ఆగవు. రోడ్డు వెడల్పు చేయడానికి వాటిని తొలగించవద్దని ప్రకృతి ప్రేమికులు జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఎక్కువ చెట్లను ఉన్నచోటే నిలిపి పని సాగించే దారి 2025లో ఏర్పడింది. అదే ఏడాది నవంబరు 3న మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఇటువంటి ఘోరం తరువాత చెట్ల గురించి మాట్లాడటం కొందరికి కఠినంగా తోచవచ్చు. కాని సురక్షితమైన రోడ్డూ, మర్రిచెట్టూ ఒకదానికొకటి శత్రువులు కావు. చెట్లకు ఆవల కొత్త వరుస వేసి రాకపోకలను విడదీయవచ్చు. ఆ టిప్పరులో ఉన్న కంకర కూడా ఎక్కడో ఒక గుట్టను తొలిస్తే వచ్చిందేనన్నది మాత్రం మరవరాదు.

విడిది గృహాల తరఫున చెప్పుకోదగ్గ మాటలూ లేకపోలేదు. అవి లేకపోతే అక్కడ ఆకాశహర్మ్యాలు లేచేవి. ఏదో ఒక రూపంలో మట్టి మిగిలింది. చుట్టుపక్కల ఊళ్ళవారికి పని దొరికింది. ఒప్పుకుంటాను. అటువంటప్పుడు ఉన్న మట్టిని ఉన్నట్టుగా చూపించడానికేం? పదెకరాల్లో ఐదెకరాలు పరికిపొదకూ, బలుసుకూ, మోదుగకూ, గడ్డికీ వదిలిపెట్టండి. రాత్రి దీపాలు తగ్గించండి, పాటల పెట్టె కట్టేయండి. నెమలి పంజరంలోకి రానక్కరలేదు, తనంతట తానే గోడ ఎక్కుతుంది. బోరు మీద భారం తగ్గుతుంది, ఖర్చూ తగ్గుతుంది. వచ్చిన అతిథి అడవిని అడవిగా చూసి వెళతాడు.

విభూతిభూషణ్ బందోపాధ్యాయ ఆరణ్యక్ నవలను సూరంపూడి సీతారాం గారి అనువాదంలో వనవాసిగా మీలో చాలామంది చదివే ఉంటారు. అందులో అడవిని ప్రాణప్రదంగా ప్రేమించినవాడే, ఉద్యోగధర్మంగా ఆ అడవిని ముక్కలు చేసి కౌలుకు పంచుతాడు. ఆ పుస్తకం చదివినప్పుడల్లా నన్ను కలవరపెట్టేది అతని ద్రోహం కాదు, అతని ప్రేమ. ప్రేమ ఉన్నంత మాత్రాన అడవి మిగలదు. మనం ప్రేమిస్తున్నది ఎదురుగా ఉన్న అడవినా, మన ఊహలోని అడవినా అన్నదే తేలవలసిన విషయం. ఊహలోని అడవి కోసం ఎదుటి అడవిని చదును చేసేవాడు కూడా ప్రకృతి ప్రేమికుడిననే అనుకుంటాడు.

వర్షారణ్యం చూడాలనిపిస్తే తప్పకుండా చూడండి. ఆగుంబెకు వెళ్ళండి, సైలెంట్ వ్యాలీకి వెళ్ళండి, జలగలు కాళ్ళకు పట్టినా సరే, ఆ వానలో తడవండి. అంత దూరం వెళ్ళలేని ఏడాది, ఫాల్గుణమాసంలో ఒక ఉదయం చిలుకూరు వైపు బయలుదేరండి. పచ్చదనం కోసం వెతక్కండి. ఆకులేని మోదుగ కొమ్మమీద ఎన్ని రకాల పిట్టలు వాలతాయో లెక్కపెట్టండి. లెక్క తేలేలోపు ఎండెక్కుతుంది.