ఫ్రీ ప్లే: 5:30 నుంచి 6:00 వరకు

సంక్రాంతి సెలవులకి అక్క వాళ్ళింటికి వెళ్ళా. ఫ్రిజ్ మీద మా మేనల్లుడి టైమ్‌టేబుల్ అంటించి ఉంది. వాడికి నాలుగేళ్ళు. స్కూల్ లేని రోజైనా ఫోనిక్స్, అబాకస్, డ్రాయింగ్, మధ్యలో ట్యాబ్. చివర్లో 'ఫ్రీ ప్లే: 5:30 నుంచి 6:00'. మన సెమిస్టర్ టైమ్‌టేబులే నయం, లైబ్రరీ అవర్ అయినా ఉంటుంది!

సరిగ్గా ఐదున్నరకి వాడొచ్చి అడిగాడు: "మావయ్యా, ఇప్పుడు ఏం ఆడాలి?"

ముందు నవ్వొచ్చింది. తర్వాత బాధేసింది. ఏం ఆడాలో ఇంకొకరు చెప్తే అది హోంవర్కే కదా.

అక్కని తప్పుపట్టను. ఇద్దరూ ఉద్యోగస్తులు, వేళలు లేకపోతే ఆ ఇల్లు నడవదు. పిల్లలకీ అవి అవసరమే. నిద్ర, తిండి వేళకి జరిగితే సగం పేచీలుండవు. కానీ ఆ రెంటికీ వేళ పెట్టి, మిగతా గంటల్ని నింపకుండా వదిలెయ్యొచ్చు కదా అంటాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజుకి కనీసం 180 నిమిషాలు ఒళ్ళు కదిలించాలి, స్క్రీన్ గంట దాటకూడదు. అరగంట 'ఫ్రీ ప్లే'తో ఆ లెక్క ఎలా తేలుతుంది?

ఆ టైమ్‌టేబుల్లో ఇంకోటి కూడా లేదు: ఇంటిపని. నేనూ అలాగే పెరిగా. "నువ్వు చదువుకో నాన్నా, నేను చేసుకుంటాలే" అనేది అమ్మ. అదే వయసులో అక్క చేతికి మాత్రం చీపురు వచ్చింది. హాస్టల్లో మొదటి ఆదివారం బకెట్ ముందు నిలబడి, సబ్బుపొడి ఎంత వెయ్యాలో యూట్యూబ్‌లో వెతికిన ఘనుణ్ణి నేను. సందుకో ప్లేస్కూల్ బోర్డు మీద మాంటిస్సోరి పేరుంటుంది. 1907లో రోమ్‌లో ఆవిడ మొదలుపెట్టిన బడిలో ఊడవడం, గిన్నెలు సర్దడం కూడా చదువులో భాగమే. అబ్బాయి, అమ్మాయి అని తేడా లేదు.

చిన్నపిల్లలతో పని చేయిస్తే రెట్టింపు టైమ్ పడుతుంది, నిజమే. అందుకే చిన్న పని ఒక్కటి చాలు, పక్కన మనం కూడా చేస్తూ. "పని చేస్తేనే ఆట" అని మాత్రం అనకండి. అప్పుడు పని శిక్ష అవుతుంది, ఆట కూలి అవుతుంది.

ఆ సాయంత్రం వాడి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేక, బఠాణీలు ఒలుస్తున్న అమ్మ పక్కన కూర్చోబెట్టా. సగం గింజలు గిన్నెలోకి, సగం వాడి నోట్లోకి. కాసేపటికి తొక్కలు పడవలయ్యాయి, వంటింటి గచ్చు గోదారైంది. ఆరు దాటింది. అక్క గడియారం చూసింది, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది.

మీ ఇంట్లోనూ ఓ బుడతడుంటే ఈసారి బఠాణీల గిన్నె ముందు కూర్చోండి. ముందు మనకి ఒలవడం వచ్చో రాదో, అది వేరే విషయం.